మీ పాత పాటల్ని ఎదుటివాళ్ళు చివరిదాకా వినాలంటే

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ‘గోల్డెన్ మెలొడీస్’ అని అరవై పాటల ప్లేలిస్టు లింకు ఒకటి పడుతుంది. కింద బాబాయి ఒక దండం పెడతాడు, అత్త చప్పట్ల బొమ్మ పెడుతుంది, మర్నాడు పొద్దున గుడ్ మార్నింగ్ పువ్వులొచ్చి దాన్ని పైకి తోసేస్తాయి. విన్నవాళ్ళు ఎవరూ ఉండరు. పంపినాయన మాత్రం ‘ఈ కాలం వాళ్ళకి టేస్టు లేదు’ అని తీర్మానించేసి, ఇంకో అరవై పాటల లింకు తయారుచేసే పనిలో పడతాడు. టేస్టు సంగతి పక్కన పెట్టండి, అరవై పాటలు ఒకేసారి మీద పడేస్తే ఎవరు మాత్రం ఎక్కడ మొదలుపెడతారు?

పాత పాట ఎవరికైనా ఇచ్చేటప్పుడు నేను చూసుకునేది ఒకటే: ఒక మనిషి, ఒక పాట, ఒక కారణం. ఆల్బమ్ అయితే ఆల్బమ్ మొత్తం ఇవ్వండి, కానీ ఒక్కటే ఇవ్వండి. ఎవరికి ఇస్తున్నామో అనుకోకుండా పాట ఎంచుకోకూడదు, ఎందుకు ఇస్తున్నామో చెప్పకుండా పంపకూడదు. మిగతాదంతా, అంటే ఏ వెర్షన్ పంపాలి, ఏ స్పీకర్‌లో పెట్టాలి, అటక మీది క్యాసెట్‌కి బూజు పడితే ఏం చేయాలి లాంటివన్నీ తర్వాతి పనులు. ఆ పనులూ చాలానే ఉన్నాయి, వాటికీ వస్తాను.

ముందు ఎంపిక. మీకు ప్రాణమైన పాట అందరికీ ఎప్పుడో తెలిసిందే అయితే దాన్ని వదిలేయండి. శంకరాభరణం గురించి మీరు చెప్తే తప్ప తెలియని తెలుగువాళ్ళు ఎవరున్నారు? అదే ఆల్బమ్‌లోనో, అదే ఏడాదిలోనో, అదే గాయని గొంతులోనో కాస్త నీడన ఉండిపోయిన పాట చూడండి. పూజాఫలం (1964)లో సినారె రాసి, సాలూరి రాజేశ్వరరావు స్వరపరిచి, జానకి పాడిన ‘పగలే వెన్నెల’ వినిపిస్తే, జానకి అంటే ఎనభైల పాటలే అనుకునే వాళ్ళు ఒక్క క్షణం ఆగి ‘ఈవిడేనా?’ అంటారు. ఆ ఒక్క ప్రశ్న వచ్చిందంటే రెండో పాట వాళ్ళే అడుగుతారు.

తర్వాత, ఇచ్చేది విడి పాటా, మొత్తం ఆల్బమా? పంతులమ్మ (1977)లో ‘సిరిమల్లె నీవే’ విడిగా ఇచ్చినా నిలబడుతుంది. వేటూరి మాట, రాజన్-నాగేంద్ర బాణీ, అప్పటి బాలు గొంతులోని ఆ పలచని తీపి, సినిమా చూడకపోయినా లోటేమీ ఉండదు. మేఘసందేశం (1982) అలా కాదు. రమేష్ నాయుడికి, ఏసుదాస్‌కి, సుశీలకి ముగ్గురికీ జాతీయ అవార్డులు తెచ్చిన ఆల్బమ్ అది. ‘ఆకాశ దేశాన’ ఒక్కటే విని పక్కన పెట్టేసినవాళ్ళే ఎక్కువ. క్యాసెట్ మొత్తం పెట్టుకుంటే జయదేవుడి అష్టపది, కృష్ణశాస్త్రి గీతాలు, వేటూరి పాటలు అన్నీ ఒకే ఇంట్లో మనుషుల్లా కలిసిపోయి వినిపిస్తాయి. ఒక్క పాట పీకి ఇస్తే ఈ సంగతి తెలియనే తెలియదు. కాబట్టి పాటని పక్క పాటల నుంచి విడదీస్తే ఏదో పోయిందనిపించిందా, అయితే అది ఆల్బమ్‌గానే ఇవ్వాలి.

ఇక్కడ పాట ఏ రూపంలో వచ్చిందో తెలిస్తే పని సులువు. యాభైలనాటి 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే) రికార్డులో ఒకవైపు మూడు నిమిషాల చిల్లర కన్నా పట్టదు, అందుకే ఆ కాలం పాటలు విడివిడిగా వినడానికే తయారయ్యాయి. తర్వాత వచ్చిన 7 అంగుళాల చిన్న రికార్డులో ఒక్కోవైపు ఒకటో రెండో పాటలు. ఎల్పీ, అంటే పెద్ద రికార్డు, వచ్చాక ఒకవైపు ఇరవై నిమిషాల పైన నడుస్తుంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అమీర్‌పేటలో దిగేలోపు దాదాపు ఒక సైడ్ అయిపోతుంది, ఆఫీసుకెళ్ళే మీ ఫ్రెండ్‌కి ఆల్బమ్ అంటగట్టడానికి ఇంతకంటే మంచి లెక్క లేదు. క్యాసెట్ కాలానికి అరవై నిమిషాలదీ, తొంభై నిమిషాలదీ. ఖాళీ టీడీకేనో సోనీనో కొనుక్కుని, పాటల లిస్టు రాసిచ్చి, రికార్డింగ్ షాపులో నింపించుకోవడం, చివర్లో టేపు మిగిలితే షాపువాడే తనకి నచ్చిన పాటలో సగం ఎక్కించేయడం, అవన్నీ మీ నాన్నగారిని అడగండి, అరగంట తక్కువ చెప్పరు.

మనిషిని బట్టి పాట అన్నాను కదా. అరవై దాటినవాళ్ళకి మీరు కొత్తగా పాట వినిపించడం కష్టం, వాళ్ళ దగ్గర అడిగి తీసుకోవడమే మేలు. ‘పెద్దమ్మా, మీ కాలేజీ రోజుల్లో రేడియోలో ఏ పాట కోసం ఆగేవాళ్ళు?’ అని అడిగి, ఆ పాట వెతికి పెట్టి, వాళ్ళు మాట్లాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పాట ఎక్కడైనా దొరుకుతుంది, ఆ మాటలు దొరకవు. ముప్ఫైల్లో ఉన్నవాళ్ళకి ఇళయరాజా, తొలినాళ్ళ కీరవాణి దగ్గర దారి సులువు. గీతాంజలి (1989) మొత్తం, లేదా క్షణ క్షణం (1991)లో ‘జామురాతిరి జాబిలమ్మా’. సిరివెన్నెల అంత జోలపాటలో కూడా ఎంత మెత్తగా మాట పేర్చాడో వాళ్ళకే తెలుస్తుంది. ఇరవై ఏళ్ళ లోపు పిల్లలకి మాత్రం 2001 కూడా పాత కాలమే, ఖుషి పాటలు పెడితే ‘మమ్మీ వాళ్ళ టైమ్‌వి’ అంటారు, మీరు బాధపడి లాభం లేదు. వాళ్ళకి పాత పాట ఎక్కించాలంటే కారే గతి. కారులో సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నాక ఎక్కడికీ పోలేరు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కగానే ఒక పాట పెట్టండి, దిగేలోపు మూడైనా అవుతాయి. ఒకటి నచ్చకపోతే మారుస్తానని ముందే మాటివ్వండి, నిజంగానే మార్చండి.

సినిమా పాటలే అనుకోకండి. జంధ్యాల పాపయ్య శాస్త్రి పద్యాలని ఘంటసాల పాడిన పుష్పవిలాపం సినిమాతో సంబంధం లేకుండా రికార్డుగా ఇంటింటికీ వెళ్ళింది. గద్దర్ పాటలు క్యాసెట్ల మీదే ఊళ్ళు దాటాయి. ‘మా భూమి’ సినిమాలో ఆయన పాడిన ‘బండెనక బండి గట్టి’ విన్నాక పాత తెలుగు పాటలంటే వీణలూ వెన్నెలలే అనే అభిప్రాయం ఒక్క దెబ్బకి పోతుంది. పైగా ఇది హైదరాబాద్. నలుగురు కూర్చుంటే ఒకరు గజల్ తెస్తారు, ఒకరు ఖవ్వాలీ తెస్తారు, హైదరాబాద్‌లో పుట్టిన తలత్ అజీజ్ పేరు ఎవరో ఒకరు ఎత్తకుండా ఉండరు. తేనివ్వండి. అర్థం తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పే బాధ్యత తెచ్చినవాళ్ళదే.

ఘంటసాల భగవద్గీత మాత్రం జాగ్రత్త. ఆయన చివరి దశలో పాడిన గొప్ప ఆల్బమ్, అందులో సందేహం లేదు, కానీ మన వీధుల్లో వైకుంఠ రథాల మైకుల్లో వినీ వినీ జనం మనసులో అది వేరే చోటికి పోయింది. అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే గట్టిగా పెట్టారంటే పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టి ‘ఎవరికేమైంది?’ అని అడుగుతుంది. దీన్ని ఎవరికైనా ఇవ్వాలంటే ఇయర్‌ఫోన్స్‌లో, ఒంటరిగా, ఒకే ఒక్క శ్లోకం వినమని ఇవ్వండి. శ్లోకం అయ్యాక తాత్పర్యం చెప్పేటప్పుడు గొంతు ఎలా కిందికి దిగుతుందో గమనించమనండి. మైకులో ఆ తేడా తెలియదు.

పాట ఎంచుకున్నారు, ఇప్పుడు సరైన వెర్షన్ పట్టుకోవడం. చాలామంది ఇక్కడే తేలిగ్గా తీసుకుంటారు. యాప్‌లో వెతికితే మొదట వచ్చేది అసలు రికార్డింగే అని గ్యారంటీ లేదు, టీవీ షోలో ఎవరో పాడినది కావచ్చు, వెనకాల ఎలక్ట్రానిక్ డ్రమ్స్ తగిలించినది కావచ్చు, కచేరీలో పాడినది కావచ్చు. పాట పేరుతో కాకుండా సినిమా పేరుతో వెతకండి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే పాటని నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టి ఒక స్పెల్లింగ్‌తో దొరక్కపోతే ఇంకోటి కొట్టి చూడండి, లేదా నేరుగా తెలుగులో టైప్ చేయండి. దొరికాక గాయకుల పేర్లు చూడండి. సంవత్సరాన్ని మాత్రం అస్సలు నమ్మకండి, కంపెనీ వాళ్ళు ఎప్పుడు మళ్ళీ విడుదల చేస్తే ఆ ఏడాది వేసేస్తారు, మాయాబజార్ పాటల పక్కన ఈ శతాబ్దపు తేదీ కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు (సినిమా 1957లో వచ్చింది). డబ్బింగ్ సినిమాలతో ఇంకో చిక్కు. రోజాలో ‘చిన్ని చిన్ని ఆశ’ వెతుకుతూ తమిళ ‘చిన్న చిన్న ఆశై’ పంపేస్తారు, రెండూ పాడింది మిన్‌మినియే, మొదటి పది సెకన్లు విని తేడా తెలియదు. అందుకే పంపేముందు మీరు ఒకసారి మొత్తం వినండి. మీకే మొత్తం వినే ఓపిక లేకపోతే అవతలివాళ్ళకి ఎందుకుంటుంది?

పాత సినిమా పాటల్లో ఇంకో విషయం ఉంది. సినిమాలో ఉన్న చరణాలన్నీ రికార్డులో ఉండకపోవచ్చు, మూడు నిమిషాల హద్దు వల్ల కొన్ని కత్తిరించారు, ఒక్కోసారి రికార్డులో ఉన్నది తెరమీద ఉండదు. రెండూ దొరికితే మీకు ఏది ఇష్టమో అది పంపి, రెండోది కూడా ఉందని చెప్పండి. ఇలాంటి వివరాలకి పడిచచ్చేవాళ్ళు మన ఊళ్ళో తక్కువేం లేరు.

పాటతో పాటు రాసే నాలుగు ముక్కలు. దీనికి మన వివిధభారతి అనౌన్సర్లని మించిన గురువుల్లేరు. చిత్రం, గానం, రచన, సంగీతం, నాలుగూ చెప్పి పక్కకి తప్పుకునేవాళ్ళు. మీరూ ఆ నాలుగూ రాయండి, ఐదోది మీది రాయండి. ఐదోది అంటే ‘అద్భుతం’, ‘నెవ్వర్ బిఫోర్’ లాంటివి కావు. ఎక్కడ చెవి పెట్టాలో చెప్పాలి. ఇలా:

‘అక్కా, ఇది మేఘసందేశంలోది, 1982. సుశీల గారు పాడారు, రమేష్ నాయుడు సంగీతం, దేవులపల్లి కృష్ణశాస్త్రి రాశారు, సినిమా వచ్చేసరికి ఆయన లేరు. ఆకులో ఆకునై, పువ్వులో పువ్వునై అని మొదలవుతుంది. నువ్వు అరకు వెళ్ళొచ్చాక ఫోన్ చేసి మాట్లాడకుండా కూర్చున్నావు చూడు, అప్పుడు గుర్తొచ్చింది. పాత్రలు కడుగుతూ వినకు.’

అంతే. ఇంత రాస్తే ఆవిడ వినకుండా ఉండలేదు, ఎందుకంటే ఇది గ్రూపుకి కాదు ఆవిడకే వచ్చింది. రాయడం రాకపోతే అరనిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి, అది ఇంకా మంచిది. ఫైలు పంపేటట్లయితే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఫైలు పేరు ‘ట్రాక్ 07’ అని ఉంటే మార్చి, సినిమా, పాట, గాయకులు, సంవత్సరం పెట్టండి. ఆరు నెలల తర్వాత ఆ ఫైలు వాళ్ళ ఫోన్లో దొరికినప్పుడు అదేంటో తెలియాలి కదా. విన్నారా లేదా అని మర్నాడే అడగకండి, అది పాట ఇచ్చినట్టుండదు, హోంవర్క్ ఇచ్చినట్టుంటుంది. వారానికి ఒకటి చాలు. యాప్‌లతో కుస్తీ పట్టలేని పెద్దవాళ్ళకి అయితే పాటలు లోపలే నింపి అమ్మే కారవాన్ లాంటి రేడియో పెట్టెలున్నాయి, తెలుగు పాటలతోనూ వస్తాయి, మీట నొక్కితే పాట వస్తుంది, పాస్‌వర్డ్ అడగదు.

ఇక అటక. మీ ఇంట్లో పాత క్యాసెట్ల డబ్బా ఉంటే అదే అసలు నిధి, ముఖ్యంగా ఇంట్లో రికార్డు చేసుకున్నవి, రేడియో నుంచి పట్టుకున్నవి, తాతగారు పాడిన పద్యం ఒకటి మధ్యలో ఇరుక్కున్నవి. షాపులో కొన్న లహరి, ఆదిత్య, ఎకో క్యాసెట్లలో పాటలు ఎలాగూ ఆన్‌లైన్‌లో ఉంటాయి, ముందు వాటి మీద టైమ్ పెట్టకండి. చేతిరాతతో ఉన్నవి ముందు తీయండి.

తీయగానే టూ ఇన్ వన్‌లో (రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసిన పెట్టె) పెట్టి ప్లే నొక్కకండి. క్యాసెట్‌ని లైటు కింద పెట్టి చిన్న కిటికీలోంచి చూడండి, చుట్టిన టేపు అంచు మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. దాన్ని అలాగే నడిపితే ఆ పొడి ప్లేయర్ హెడ్‌కి, అంటే టేపుని చదివే భాగానికి, అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్లన్నిటికీ ఎక్కుతుంది, కాబట్టి అలాంటివి వేరే కవర్లో పెట్టి పక్కన ఉంచండి, విలువైనవైతే తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించండి. బూజు లేనివాటిలో కింది వైపు, టేపు బయటికి కనిపించే చోట మధ్యలో, ఒక చిన్న ఉన్ని ముక్క రాగి రేకు మీద అతికి ఉంటుంది. టేపుని హెడ్‌కి ఆనించి ఉంచేది అదే. ఏళ్ళ తరబడి అటక మీద వేడికి దాని జిగురు ఎండిపోయి ఊడిపోతుంది, అప్పుడు పాట మూగగా, దూరంగా వినిపిస్తుంది, జనం క్యాసెట్ పోయిందనుకుని పారేస్తారు. టేపుకి ఏమీ కాలేదు. ఐదు స్క్రూలతో బిగించిన క్యాసెట్ అయితే విప్పి, లోపలి రెండు చుట్టల్నీ ఇంకో మంచి క్యాసెట్ పెంకులోకి మార్చేయొచ్చు. స్క్రూలు లేకుండా అతికేసినదైతే పెంకుని జాగ్రత్తగా పగలగొట్టాల్సిందే, అలవాటు లేకపోతే ముందు ఏదైనా పనికిరాని క్యాసెట్ మీద చేయి తిప్పుకోండి. క్యాసెట్ చక్రం రంధ్రంలో పెన్సిలో రెనాల్డ్స్ పెన్నో పెట్టి ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి చేత్తో తిప్పితే అతుక్కున్న పొరలు విడతాయి. క్యాసెట్ పైఅంచున రెండు మూలల్లో ఉన్న చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి, లేకపోతే ఎవరో పొరపాటున రికార్డు బటన్ నొక్కి తాతగారి పద్యం మీద సీరియల్ డైలాగులు ఎక్కిస్తారు.

ప్లేయర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి, దూదికి గోధుమరంగు మసి అంటుతుంది, అది అంటడం ఆగేదాకా తుడవండి. టేపుని లాగే రబ్బరు చక్రానికి తడిబట్ట చాలు. ప్లేయర్‌లోని బెల్టు సాగిపోయి ఉంటే పాట నెమ్మదిగా, శ్రుతి తగ్గి వస్తుంది. అది తెలుసుకోవడానికి బాగా తెలిసిన సినిమా పాట క్యాసెట్ ఒకటి పెట్టి, అదే పాట ఫోన్‌లోనూ పెట్టి, రెండూ పక్కపక్కన వినండి. సుశీల గొంతు మగగొంతు వైపు జారుతోందంటే బెల్టు మార్పించాలి. కోఠి గుజరాతీ గల్లీ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగితే ఇలాంటి సామాను గురించి ఎవరో ఒకరు దారి చెప్తారు, పాత బెల్టు చేతిలో పట్టుకెళ్ళండి, సైజు మాటల్లో చెప్పలేరు.

కంప్యూటర్‌లోకి ఎక్కించడం నిజానికి తేలికైన భాగం. ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి లాప్‌టాప్‌కి వైరు, మధ్యలో లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో కార్డు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉన్న ఒకే ఒక్క రంధ్రం హెడ్‌సెట్ మైకు కోసం, నేరుగా అందులో గుచ్చితే ధ్వని పగిలిపోతుంది, అందుకే ఆ కార్డు. మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా వాల్యూమ్ సర్దుకోండి. వెనకాల ‘బూమ్‌మ్’ అని రొద వస్తుంటే చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చేయండి, చాలాసార్లు అక్కడితో పోతుంది. తొంభై నిమిషాల క్యాసెట్‌కి తొంభై నిమిషాలూ పడుతుంది, అడ్డదారి లేదు, కాబట్టి ఆదివారం వంటపని పక్కన పెట్టుకోండి. ముందు నాణ్యత తగ్గని వేవ్ లేదా ఫ్లాక్ ఫైలుగా దాచి, పంచడానికి మాత్రం ఎంపీ3 చేసుకోండి. ‘నాయిస్ రిడక్షన్’ అనే మీట కనిపించగానే చేతులు దురదపెడతాయి, గట్టిగా నొక్కితే రొదతో పాటు గొంతులో జీవం కూడా పోతుంది, టేపు సుయ్యిమనే చప్పుడు (హిస్) కొంచెం ఉంటే ఉండనివ్వండి.

రికార్డుల విషయానికొస్తే రెండు మూడు మాటలు. 78లు షెల్లాక్‌తో (ఒక రకం లక్క) చేసినవి, వాటిని ఆల్కహాల్‌తో తుడిస్తే పైపొర కరిగిపోతుంది, తడిబట్టతో గాడుల వెంట గుండ్రంగా తుడిచి వెంటనే ఆరబెట్టండి. కింద పడితే పింగాణీ ప్లేటు గతే. వాటి గాడి వెడల్పు, ఎల్పీ ముల్లు అందులో సరిగ్గా కూర్చోదు, వేరే ముల్లు కావాలి. సూట్‌కేసు ఆకారంలో వచ్చే చవక ప్లేయర్లలో మూడు స్పీడ్లూ ఉంటాయి గానీ ముల్లు మాత్రం ఒకటే, పైగా బరువుగా ఆనుతుంది, వాటి మీద మీ నాయనమ్మ గారి రికార్డు పెట్టకండి. రికార్డులన్నీ పుస్తకాల్లా నిలబెట్టాలి, పడుకోబెట్టి దొంతర పేరిస్తే వంగిపోతాయి.

కొనాలనుకుంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, లేదా ఎర్రగడ్డ ఆదివారం సంత. ఎప్పుడూ దొరుకుతాయని కాదు, పాత పుస్తకాల మధ్య, పాత మిక్సీల మధ్య ఒక్కోరోజు ఒక కట్ట తగులుతుంది. అట్ట చూసి మురిసిపోకండి, బయటికి తీసి చూడండి, సాగర సంగమం అట్టలో ఏదో భక్తి పాటల రికార్డు ఉండటం మామూలే. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే గీతలు కనపడతాయి, గోటికి తగిలే గీత ఉంటే వదిలేయండి. కంటి ఎత్తున పెట్టి అంచు చూడండి, మన మే నెల ఎండలో ఫుట్‌పాత్ మీద సగంరోజు ఉన్న రికార్డు అప్పడంలా లేచి ఉంటుంది. ‘అన్నా, మస్తు నడుస్తది, తీస్కో’ అంటాడు అమ్మేవాడు. నడిపి చూపించమంటే మిషన్ లేదంటాడు. ఆ మేరకి బేరం ఆడండి.

చివరికి, నలుగురు కలిసి వినడం. ఒకరికొకరు పంపుకోవడం కన్నా ఇది కిరాక్ ఉంటుంది, పెద్దగా ఖర్చు కూడా లేదు. ఆరేడుగురు చాలు, పది దాటితే కబుర్లే ఉంటాయి. ఆహ్వానంలో ‘సిట్టింగ్’ అని రాయకండి, హైదరాబాద్‌లో ఆ మాటకి సీసాలు పట్టుకుని వస్తారు. ఒక్కొక్కరు రెండు పాటలు తేవాలి, ఒక దశాబ్దం అనుకుని దాని లోపలే. ‘ఎనభైలు’ అనుకుంటే ఎనభైలే. హద్దు లేకపోతే గంటలోపు అందరూ ఒకే ఐదారు హిట్ల దగ్గరికి చేరిపోతారు. తెచ్చినవాళ్ళు ఒక్క నిమిషం మాట్లాడాలి, తర్వాత పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, వెంట పాడటం కూడా మొదటిసారి వద్దు. ఈ నియమం పెట్టినందుకు మొదటి పావుగంట మిమ్మల్ని హెడ్‌మాస్టర్ అని ఏడిపిస్తారు, పట్టించుకోకండి.

స్పీకర్ ఫోన్‌ది వద్దు, మామూలు బ్లూటూత్ స్పీకర్ అయినా సరే గోడకి దగ్గరగా, చెవి ఎత్తున పెట్టండి. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటీ ఆన్‌లో ఉంచండి, ఏసుదాస్ ఆలాపన మధ్యలో డెలివరీ బాయ్ ఫోన్ వస్తే ఆ మూడ్ మళ్ళీ రాదు. అన్నీ విషాదగీతాలే వరసగా పడకుండా వరస మీరే సర్దండి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగింటికి మొదలుపెడితే ఎవరూ నిద్రపోరు, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు సగంలో రావాలి, మొదట్లోనే ఇస్తే పాటలో కరకరలు వినిపిస్తాయి. ఘంటసాల గొప్పా బాలు గొప్పా అన్న గొడవ వచ్చి తీరుతుంది. దాన్ని ఆపకండి గానీ పాటల మధ్యలో కాకుండా చాయ్ టైమ్‌కి తోయండి. ఇంట్లో కుదరకపోతే బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికల్లో అడిగి చూడొచ్చు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలంటే చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాత సినిమా పాటల కార్యక్రమాలు జరుగుతూనే ఉంటాయి, అక్కడ పాడేది వేరేవాళ్ళైనా పక్క సీట్లో దొరికే పరిచయాలు పనికొస్తాయి, రికార్డులు దాచుకున్నవాళ్ళు అలాంటి చోట్లే తగులుతారు.

హక్కుల గురించి ఒక మాట. ఇంట్లో, స్నేహితుల మధ్య వింటే ఎవరికీ ఇబ్బంది లేదు. టికెట్ పెట్టినా, కేఫ్‌లో పెట్టినా లైసెన్సు కావాలి. మీరు డిజిటల్ చేసినది యూట్యూబ్‌లో ఎక్కిస్తే కంపెనీ క్లెయిమ్ వచ్చే అవకాశం ఎక్కువ. మన చట్టంలో రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు, రాసినవాళ్ళకీ స్వరపరిచినవాళ్ళకీ వాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది, కాబట్టి ‘పాతదే కదా’ అంటే కుదరదు.

ఇంకొకటి, అప్పు. ఇలా నలుగురు వచ్చిన రోజున ఎవరో ఒకరు ‘ఈ ఎల్పీ రెండు రోజులు ఇవ్వరా, మళ్ళీ తెస్తా’ అంటారు. తిరిగి రాకపోయినా పర్లేదనుకున్నవే ఇవ్వండి, మిగతావాటికి పెన్‌డ్రైవ్‌లో కాపీ చేతిలో పెట్టండి. ఇచ్చినదాన్ని అట్టతో సహా, తీసుకున్న మనిషితో సహా ఫోటో తీసి అక్కడికక్కడే వాళ్ళకి వాట్సాప్ చేసేయండి. నవ్వుకుంటూనే తీయండి, కానీ తీయండి.